చెక్ లైట్ 'లీన్' అంటోంది, బండికి పికప్ లేదు: ఏ పార్టూ మార్చకముందు చేయాల్సిన పనులు

రెండేళ్ల కిందట శ్రీశైలం వెళ్తుంటే, డ్యామ్ కింద వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కేచోట నా బండి చేతులెత్తేసింది. ఆగిపోలేదు, కానీ ఎక్సలేటర్ ఎంత తొక్కినా పట్టి పట్టి వెళ్తోంది, రెండో గేరులో కూడా ఎవరో వెనక్కి లాగుతున్నట్టే ఉంది. వెనక బస్సువాడు హారన్ మీద హారన్. ఇంటికొచ్చి స్కానర్ పెట్టిస్తే పీ0171 కోడ్ వచ్చింది, అంటే లీన్, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ అని. "సార్, ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అన్నాడు మెకానిక్. ఐదు వేల పైన పెట్టి మార్పించాను. నాలుగు రోజులకి మళ్లీ అదే లైట్, అదే పికప్.

అసలు లోపం వెనక సీటు కింద ఒక ఎర్తు వైరులో ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను. పీ0171 అనేది పార్టు పేరు కాదు, ఇంజిన్ చెప్పుకుంటున్న బాధ, అంతే. కడుపునొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్తే కడుపు మార్చేయరు కదా. ఏ పార్టూ కొనకుండా, మొబైల్ ఫోనూ వెయ్యి రూపాయల లోపు స్కానరూ పెట్టుకుని లోపం ఏ వైపుందో చాలావరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆ పని వరసగా ఎలా చేయాలో చెప్తాను.

ఇది మామూలు పెట్రోల్ ఇంజిన్ల గురించి, అంటే ఇంజెక్టర్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లోకి) పెట్రోల్ చిమ్మే రకం. డీజిల్‌కి ఇది పనికిరాదు. సిలిండర్‌లోకే నేరుగా చిమ్మే టర్బో ఇంజిన్లకి కొలతల భాగం పనికొస్తుంది గానీ, వాటి హై ప్రెషర్ పైపుల జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు, అక్కడ పదుల నుంచి వందల బార్ల ఒత్తిడి ఉంటుంది.

ఇంకో మాట. చెక్ లైట్ నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం మిస్సింగ్ (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ కాలకపోవడం) గట్టిగా ఉందని, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి అక్కడ పొగని శుభ్రంచేసే కన్వర్టర్‌ని కాల్చేస్తోందని అర్థం. పక్కకి ఆపేయండి. లీన్‌గా ఉన్న బండిని లోడు మీద ఫుల్ ఎక్సలేటర్‌తో బాదితే నాకింగ్ (ఇంజిన్‌లో టకటకమని కొట్టుకోవడం) వస్తుంది, అలాగే తోలుతూ పోతే వాల్వులు, పిస్టన్లు దెబ్బతింటాయి.

మొదటి పని: ఇంజిన్ దేన్ని చూసి లీన్ అంటోందో తెలుసుకోవడం

పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోల్‌కి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క కుదిరిందో లేదో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, చెప్పేది సైలెన్సర్ మొదట్లో ఉండే ఆక్సిజన్ సెన్సర్. అయితే పేరులోనే ఉంది, అది చూసేది ఆక్సిజన్‌ని. పెట్రోల్ ఎంత వచ్చిందో దానికి తెలీదు. పొగలో ఆక్సిజన్ మిగిలితే లీన్ అంటుంది, అది ఎక్కణ్ణుంచి వచ్చినా సరే.

సగం మంది మోసపోయేది ఇక్కడే. ఒక ప్లగ్గు కాల్చడం మానేసిందనుకోండి. ఆ సిలిండర్‌లోకి వెళ్లిన గాలి కాలకుండా అలాగే బయటికొస్తుంది. దాంతోపాటు పచ్చి పెట్రోల్ కూడా వస్తుంది, కానీ సెన్సర్‌కి కనిపించేది ఆక్సిజనే. దాంతో ఈసీయూ "లీన్, లీన్" అని ఇంకా పెట్రోల్ పోస్తుంది. మంచిగా ఉన్న మిగతా మూడు సిలిండర్లూ రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయి నల్లబడతాయి. కోడ్ మాత్రం లీన్ అనే చూపిస్తుంది! సెన్సర్‌కి ముందు, పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ చిరిగినా ఇదే తంతు. పొగ దెబ్బకీ దెబ్బకీ మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, సెన్సర్ దాన్ని కూడా లెక్కేస్తుంది.

రెండో పని: కోడ్ చెరపకుండా రాసిపెట్టుకోవడం

స్టీరింగ్ కింద, డాష్‌బోర్డు దిగువన 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. బీఎస్4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ2 (బండి లోపాల్ని ఈ సాకెట్ ద్వారా చెప్పే పద్ధతి) తప్పనిసరి చేశారు కాబట్టి ఆ తర్వాతి బండ్లలో చాలావాటికి మామూలు ఈఎల్ఎమ్327 బ్లూటూత్ స్కానర్ సరిపోతుంది. ఫోన్‌లో టార్క్ గానీ కార్ స్కానర్ గానీ ఏదో ఒక యాప్ పెట్టుకోండి. మరీ చవక నకిలీ స్కానర్లు మధ్యలో డిస్కనెక్ట్ అవుతూ చిరాకు పెడతాయి గానీ, పని నడిచిపోతుంది.

కోడ్ కనబడగానే 'క్లియర్' నొక్కాలని వేలు లాగుతుంది. నొక్కొద్దు. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, ఆర్‌పీఎమ్, వేగం, లోడు, ట్రిమ్‌లు (పెట్రోల్ సర్దుబాట్లు, వాటి సంగతి మూడో పనిలో) ఎంతున్నాయో ఈసీయూ ఒక ఫొటోలా దాచిపెడుతుంది, దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ నొక్కితే అది పోతుంది, లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా సున్నాకి వచ్చేస్తుంది, అంటే సాక్ష్యం మొత్తం మీ చేత్తో మీరే తుడిచేసినట్టు. స్క్రీన్‌షాట్ తీసుకోండి. 750 ఆర్‌పీఎమ్‌లో, వేగం సున్నా ఉన్నప్పుడు కోడ్ పడితే ఒక కథ. 3,500 ఆర్‌పీఎమ్‌లో, లోడు 80 శాతం దగ్గర పడితే అది పూర్తిగా వేరే కథ.

పక్కన ఇంకా ఏ కోడ్‌లు ఉన్నాయో కూడా చూడండి. పీ0300 నుంచి పీ0304 వరకు ఏదైనా ఉంటే మిస్సింగ్ సంగతి ముందు తేల్చాలి, లీన్ సంగతి ఆ తర్వాత. ఈ వరస మార్చకండి.

మూడో పని: ట్రిమ్‌లు, మూడు చోట్ల

మొత్తం పనిలో ప్రాణం ఇదే, కాబట్టి నిదానంగా చదవండి.

ఈసీయూ తన లెక్క ప్రకారం కొంత పెట్రోల్ పోస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. అప్పటికప్పుడు చేసే సర్దుబాటు షార్ట్ టర్మ్ ట్రిమ్. రోజుల తరబడి అదే సర్దుబాటు చేయాల్సివస్తే దాన్ని అలవాటుగా రాసుకునేది లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండూ కలిపి చూడాలి. ప్లస్ అంటే లెక్క కన్నా ఎక్కువ పెట్రోల్ పోయాల్సివస్తోందని, మైనస్ అంటే తగ్గించాల్సివస్తోందని. రెండూ కూడితే ప్లస్ లేదా మైనస్ 5 లోపు ఉంటే బంగారం, 10 దాకా పర్వాలేదు. చాలా బండ్లలో మొత్తం 20, 25 దగ్గరికి వెళ్లినప్పుడు పీ0171 పడుతుంది.

ఈమధ్య చాలామంది కంగారుపడే విషయం ఒకటుంది. ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ చాలు, కిలోకి 9 కిలోలే. అందుకని 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కి సరైన లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. పాత 10 శాతం ఇథనాల్ పెట్రోల్ నుంచి దీనికి మారితే ట్రిమ్ 4, 5 శాతం ప్లస్‌కి జరగడం సహజం, అది లోపం కాదు. కానీ అప్పటికే ప్లస్ 15 మీద నెట్టుకొస్తున్న ముసలి బండి ఈ చిన్న తోపుతో గీత దాటి లైట్ వెలిగించేస్తుంది. తిట్లు పెట్రోల్‌కి పడతాయి, జబ్బేమో ముందునుంచీ ఉన్నదే.

ఇక కొలత. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిలింగ్‌లో రెండు నిమిషాలు ఉంచి రెండు ట్రిమ్‌లూ రాసుకోండి. తర్వాత న్యూట్రల్‌లోనే 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక నిమిషం కదలకుండా పట్టుకుని మళ్లీ రాయండి. మూడోది రోడ్డు మీద. ఖాళీ రోడ్డు చూసుకుని, మూడో గేరులో ఎత్తు మీదికో వేగం పెంచుతూనో లోడు పడనివ్వండి. తోలుతూ ఫోన్ చూడొద్దు, పక్కన ఒకరిని కూర్చోబెట్టండి లేదా యాప్‌లో రికార్డింగ్ పెట్టి ఇంటికొచ్చి చూసుకోండి.

ఐడిలింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2,500 దగ్గర ప్లస్ 4కి దిగిపోతే ఎక్కడో ఎయిర్ లాగుతోంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ తాగే గాలే కొంచెం, అందులో చిన్న కన్నం గాలి కూడా పెద్ద వాటా అవుతుంది. రేస్ చేస్తే మొత్తం గాలి పెరిగి కన్నం వాటా చిన్నబోతుంది.

ఐడిలింగ్‌లో ప్లస్ 4, 5 ఉండి, లోడు పడేకొద్దీ 15, 20కి ఎక్కుతుంటే పెట్రోల్ చాలడం లేదు. పంపో, ఫిల్టరో, కరెంటో. గాలి కొలిచే మాఫ్ సెన్సర్ మురికి పట్టి తక్కువ చెప్పినా ఇలాగే ఉంటుంది.

అన్నిచోట్లా ఒకేలా ప్లస్ 15 అంటే ప్రెషర్ ఎప్పుడూ తక్కువగా ఉందని, ఇంజెక్టర్లన్నీ కలిసి పూడుకున్నాయని, లేదా ఒక సెన్సర్ నిలకడగా అబద్ధం చెప్తోందని అనుమానించాలి.

ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా ఇంజిన్లు ట్రిమ్‌ల గొడవ పక్కనపెట్టి కావాలనే రిచ్‌గా నడుస్తాయి. అక్కడ షార్ట్ టర్మ్ సున్నా చూపిస్తే మురిసిపోకండి. ఆ సమయంలో కన్వర్టర్‌కి ముందుండే ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ చూడాలి. పాత రకం సెన్సర్ అయితే 0.8, 0.9 వోల్టుల దగ్గర నిలబడాలి. 0.2 కిందికి పడిపోతుంటే ఇంజిన్ పెట్రోల్ కోసం మొత్తుకుంటున్నట్టే. నా బండిలో సరిగ్గా ఇదే కనిపించింది, కానీ అప్పటికే ఐదు వేలు పోయాయి.

నాలుగో పని: మీ ఇంజిన్ గాలిని ఎలా కొలుస్తుందో చూసుకోవడం

ఎయిర్ లీక్ ఉంటే లీన్ కోడ్ వస్తుంది, ఈ మాట అందరూ అంటారు. అన్ని బండ్లకీ ఇది నిజం కాదు.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపు మీద సెన్సర్ ఉంటే అది మాఫ్, లోపలికి పోయే గాలిని నేరుగా కొలుస్తుంది. దాన్ని దాటాక ఎక్కడ కన్నం పడినా లెక్కలోకి రాని గాలి దూరుతుంది, లీన్ అవుతుంది. కానీ మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి గాలి ఎంతో లెక్కకడుతుంది. కన్నంలోంచి గాలి దూరితే ఒత్తిడి పెరుగుతుంది, మ్యాప్ దాన్ని చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోసేస్తుంది. దాంతో లీన్ కోడ్ రాకపోవచ్చు, బదులుగా ఐడిలింగ్ ఆర్‌పీఎమ్ పెరుగుతుంది, 800 ఉండాల్సింది 1,200 దగ్గర కూర్చుంటుంది. కన్నం ఒక్క సిలిండర్ పక్కనే, అంటే ఇంజెక్టర్ ఓ రింగ్ దగ్గరో మానిఫోల్డ్ ప్యాకింగ్ మూలనో ఉంటే ఆ ఒక్క సిలిండర్ లీన్ అయి ఐడిలింగ్‌లో వణుకుతుంది.

కాబట్టి మీది మ్యాప్ బండి అయి, ఐడిలింగ్ మామూలుగానే ఉండి, లోడులో లీన్ చూపిస్తుంటే ఎయిర్ లీక్ వెతుకుతూ ఆదివారం పాడు చేసుకోకండి. నేరుగా పెట్రోల్ వైపు వెళ్లండి.

ఐదో పని: దొంగ లీన్‌ని పట్టుకోవడం

మిస్సింగ్ ఉందా? ప్లగ్గులు తీసి చూడండి, ఒకటి తడిగా పెట్రోల్ వాసనతో ఉంటే ఆ సిలిండర్ కాలడం లేదు. ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి నడపండి, కోడ్ పీ0302 (రెండో సిలిండర్) నుంచి పీ0303కి (మూడోది) మారితే కాయిలే దొంగ. పైసా ఖర్చు లేదు.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టండి. టిక్ టిక్ మని వచ్చి వేడెక్కాక తగ్గిపోయే చప్పుడు, జాయింటు చుట్టూ నల్లటి మసి, ఈ రెండూ సైలెన్సర్ లీకుకి గుర్తులు.

సెన్సర్ బతికే ఉందో లేదో చూడటానికి దాన్ని మార్చక్కర్లేదు. వేడి ఇంజిన్‌ని ఒక్కసారి గట్టిగా రేస్ చేసి వదలండి. తొక్కినప్పుడు 0.8 పైకి లేచి, వదిలాక 0.1 దగ్గరికి చకచకా పడిపోతే అది బాగానే ఉంది. కొత్త బండ్లలో చాలావాటికి ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం, యాప్‌లో వోల్టులకు బదులు లాంబ్డా కనిపిస్తుంది, 1.0 అంటే గాలి-పెట్రోల్ లెక్క సరిగ్గా కుదిరినట్టు, అది 1.0 చుట్టూ ఆడాలి. ఇంకో చిట్కా, కన్వర్టర్ తర్వాత ఉండే వెనక సెన్సర్‌ని కూడా చూడండి. ముందుది లీన్ అంటుంటే ట్రిమ్ ప్లస్ 20 ఉండి, వెనకది మాత్రం 0.8 పైన గడ్డకట్టి కూర్చుంటే, నిజానికి ఇంజిన్ రిచ్‌గా నడుస్తోందని, ముందు సెన్సరో దాని పక్కనున్న లీకో మోసం చేస్తోందని గట్టి అనుమానం పెట్టుకోవచ్చు.

ఆరో పని: ఎయిర్ ఎక్కడ లాగుతోంది

ముందు కళ్లతో చూడండి, టార్చి పట్టుకుని. ఫిల్టర్ డబ్బా నుంచి, గాలిని అదుపుచేసే త్రాటిల్ బాడీ దాకా ఉన్న ముడతల రబ్బరు పైపుని వంచి చూస్తే ముడతల మధ్య పగుళ్లు బయటపడతాయి. తర్వాత పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌కి తెచ్చేది), బ్రేక్ బూస్టర్ పైపు (బ్రేక్‌కి బలమిచ్చే డబ్బాకి వెళ్లేది), పర్జ్ వాల్వ్ పైపు (ట్యాంకు ఆవిర్లని ఇంజిన్‌కి పంపేది), ఇంజిన్ ఆయిల్ మూత, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల). మాఫ్ బండ్లలో డిప్‌స్టిక్ సరిగ్గా కూర్చోకపోయినా లీన్ అవుతుంది. ఇక అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పార్క్ చేసేవాళ్లకి ఎలుకల సంగతి నేను చెప్పక్కర్లేదు. వైర్లే కాదు, సన్న రబ్బరు పైపులన్నా వాటికి ఇష్టమే. ఇంజిన్ మీద వేరుశనగ తొక్కలు కనిపిస్తే ముందు పైపులు తడుముకోండి.

కంటికి కనబడకపోతే పైపు నొక్కే పద్ధతి నాకు ఇష్టం. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి, పక్కన ఫోన్‌లో షార్ట్ టర్మ్ ట్రిమ్ పెట్టుకుని, పటకారుకి గుడ్డ చుట్టి ఒక్కో రబ్బరు పైపునీ నొక్కి పట్టండి. బ్రేక్ బూస్టర్ పైపు నొక్కగానే ట్రిమ్ ప్లస్ 18 నుంచి 3కి దిగిందంటే లీక్ ఆ దారిలోనే ఉంది. బ్రేక్ తొక్కితే బుస్సుమనడం, పెడల్ గట్టిగా రాయిలా ఉండటం కూడా ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు అది బాగుచేయించండి, అది బ్రేకుల వ్యవహారం. గట్టి ప్లాస్టిక్ పైపుల్ని మాత్రం నొక్కొద్దు, పుటుక్కున విరుగుతాయి.

పర్జ్ వాల్వ్‌కి వేరే పరీక్ష. చల్లటి ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా క్యానిస్టర్ (ట్యాంకు ఆవిర్లు పట్టే డబ్బా) వైపు పైపు ఊడదీసి, వాల్వ్ మూతికి వేలు పెట్టండి. ఆ సమయంలో అది మూసుకుని ఉండాలి. వేలిని లాగేస్తుంటే తెరుచుకునే ఉండిపోయిందన్నమాట. ట్యాంక్ ఫుల్ చేయించాక స్టార్ట్ కావడానికి మొరాయించే బండ్లలో కూడా చాలాసార్లు దొంగ ఇదే.

కార్బ్ క్లీనర్ కొట్టి చూడటం షెడ్లలో మామూలు. పనిచేస్తుంది గానీ వేడి సైలెన్సర్ మీద, నిప్పురవ్వల పక్కన అంటుకునే స్ప్రే కొట్టడం అని మర్చిపోకండి. సరదా కాదు. చేయాల్సివస్తే చిన్న చిన్న చుక్కలుగా, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని చేయండి. ఎలక్ట్రానిక్ త్రాటిల్ బండ్లు ఆర్‌పీఎమ్ మారకుండా సర్దేసుకుంటాయి, అందుకని ఆర్‌పీఎమ్ కాకుండా ట్రిమ్ చూస్తూ కొట్టాలి. అన్నిటికన్నా మంచిది స్మోక్ టెస్ట్. ఇన్‌టేక్‌లోకి చాలా తక్కువ ప్రెషర్‌తో పొగ పంపిస్తారు, కన్నం ఉన్నచోట పొగ బయటికొస్తుంది. ఆ మిషన్ ఉన్న షెడ్ దొరికితే డబ్బులిచ్చి చేయించుకోండి. టైర్లకి గాలికొట్టే కంప్రెసర్‌తో మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, సీళ్లు ఎగిరిపోతాయి.

ఏడో పని: పెట్రోల్ వైపు

ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే రైల్‌లో మామూలుగా 3 నుంచి 4 బార్ల ప్రెషర్ ఉంటుంది, మీ బండికి సరిగ్గా ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ పెట్టడం మెకానిక్ పనే, చాలా చిన్న కార్లలో రైల్ మీద పరీక్ష నాజిల్ ఉండదు కాబట్టి పైపు మధ్యలో టీ జాయింట్ వేయాలి. పైపు విప్పేముందు పంప్ ఫ్యూజ్ తీసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపించి ప్రెషర్ దింపాలి, లేదంటే మొహం మీద చిమ్ముతుంది.

మెకానిక్‌కి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి: "అన్నా, ఐడిలింగ్‌లో చూసి సరే అనొద్దు, లోడు మీద చూడు." ఐడిలింగ్‌లో ఇంజిన్ తాగే పెట్రోల్‌ని చచ్చిపోతున్న పంపు కూడా ఇస్తుంది, గేజ్ దర్జాగా 3.5 చూపిస్తుంది. ఎత్తు ఎక్కుతుంటే అదే గేజ్ 2కి జారిపోతుంది. గేజ్‌ని అద్దం బయటికి కనబడేలా కట్టి రోడ్డు మీదికి వెళ్లాల్సిందే.

లోడులో ప్రెషర్ పడిపోతే పంపు మార్చేయమంటారు. ఆగండి, ముందు కరెంటు చూడాలి. నా కథ ఇక్కడే తేలింది. చాలా కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది, వెనక సీటు ఎత్తితే దాని కనెక్టర్ దొరుకుతుంది. తలుపులన్నీ తెరిచి, ఆరుబయట, సిగరెట్ల వాళ్లని దూరం పంపి, ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో కనెక్టర్ వెనకనుంచి కొలవాలి. తాళం తిప్పి ఊరుకుంటే పంపు రెండు మూడు సెకన్లే తిరిగి ఆగిపోతుంది, అందుకే ఇంజిన్ నడవాలి. బ్యాటరీ దగ్గర ఎంతుందో ఇక్కడ దానికి అర వోల్టు తేడాలో ఉండాలి. నా బండిలో బ్యాటరీ దగ్గర 13.9, పంపు దగ్గర 11.4. రెండున్నర వోల్టులు దారిలో మాయం. మీటర్ ఒక కొసని బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొసని పంపు ఎర్తు వైరుకి పెడితే రెండు వోల్టులు అక్కడే కనిపించాయి, అక్కడ సున్నా పక్కన ఉండాలి. ఆ ఎర్తు బాడీకి బిగించిన చోట పచ్చటి తుప్పు. బండి కడిగినప్పుడల్లా నీళ్లు కార్పెట్ కిందికి దిగి అక్కడే నిలుస్తున్నాయట. ఎమెరీ కాగితం పెట్టి రుద్ది, కొత్త బోల్టు వేసి, గ్రీజు రాశాం. అంతే. వోల్టేజీ తగ్గితే పంపు మోటరు నెమ్మదిస్తుంది, ఐడిలింగ్‌కి సరిపోతుంది, ఘాట్‌కి సరిపోదు.

కరెంటు బాగుండి ప్రెషర్ లేకపోతే అప్పుడు పంపు కిందనుండే జాలీ ఫిల్టర్ చూడాలి. ఎప్పుడూ రిజర్వులో తిప్పే బండ్లలో ట్యాంకు అడుగు మడ్డి అంతా దానికే పట్టేస్తుంది. పైగా పంపుని చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే, ట్యాంకు ఖాళీగా ఉంచితే వేడికి త్వరగా అరుగుతుంది. పావు ట్యాంకు కిందికి పోనీయకపోతే పంపుకి ఆయుష్షు.

ప్రెషర్ కూడా బాగుంటే ఇంజెక్టర్లు. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, కొంచెం పూడుకున్నవాటికి కొంత ఉపయోగం, అంతకుమించి ఆశించొద్దు. విప్పి అల్ట్రాసోనిక్‌లో కడిగించి, కడగకముందు ఎన్ని ఎమ్ఎల్, కడిగాక ఎన్ని ఎమ్ఎల్ చిమ్మిందో నాలుగింటికీ రాసిమ్మని అడగండి. ఆ కాగితం ఇవ్వని చోట ఇంజెక్టర్లు ఇవ్వకండి. తిరిగి బిగించేటప్పుడు ఓ రింగులు కొత్తవి వేయాలి, పాతవే పెడితే ఎయిర్ లీక్ మీరే కొని తెచ్చుకున్నట్టు. కాయిల్ రెసిస్టెన్స్ చాలా ఇంజెక్టర్లకి 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉంటుంది, నాలుగింట్లో ఒకటి తేడాగా ఉంటే అది పట్టించేస్తుంది.

బంకులో కొట్టించిన గంటలోనే తేడా మొదలైతే పెట్రోల్‌నే అనుమానించండి. గాజు సీసాలో కొంచెం పట్టి కదపకుండా ఉంచితే, నీళ్లు ఎక్కువగా కలిసిన ఇథనాల్ పెట్రోల్ రెండు పొరలుగా విడిపోతుంది, నీళ్ల పొర అడుగున. వానాకాలంలో ఇది జరగని పనేం కాదు. బిల్లు దాచుకోండి.

గ్యాస్ కిట్ ఉన్నవాళ్లకి

సీఎన్‌జీ గానీ ఎల్‌పీజీ గానీ ఉంటే మీ దగ్గర మంచి పరీక్ష ఉచితంగా ఉంది. అదే రోడ్డు మీద ఒకసారి గ్యాస్‌తో, ఒకసారి పెట్రోల్‌తో తోలి ట్రిమ్‌లు చూడండి. రెండింట్లోనూ లీన్ అయితే గాలి లేదా సెన్సర్ల వైపు. పెట్రోల్‌లో మాత్రమే అయితే పంపు, ఇంజెక్టర్లు. గ్యాస్‌లో మాత్రమే అయితే రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించేది), గ్యాస్ ఫిల్టర్, ట్యూనింగ్. ఏళ్ల తరబడి గ్యాస్ మీదే తిప్పే బండ్లలో పెట్రోల్ ఇంజెక్టర్లు వాడక లేక జిగురుపట్టేస్తాయి. బయట బిగించిన కిట్లలో చాలాచోట్ల గ్యాస్ మీద నడుస్తున్నా పెట్రోల్ పంపు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకులో రెండు లీటర్లుంటే అది ఎండకి కాగినట్టు కాగుతుంది. వారానికి ఓ పది, ఇరవై కిలోమీటర్లు పెట్రోల్ మీద తోలండి.

ఎనిమిదో పని: సెన్సర్లు నిజం చెప్తున్నాయా

మ్యాప్‌కి పరీక్ష చాలా తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి యాప్‌లో చూస్తే అది బయటి వాతావరణం ఒత్తిడి చూపించాలి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల 101 కేపీఏ (కిలోపాస్కల్) దగ్గర ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ 95 చుట్టూ ఉంటుంది, అది లోపం కాదు. హైదరాబాద్‌లో 85 చూపిస్తే మాత్రం సెన్సర్ తక్కువ చెప్తోంది, ఈసీయూ గాలి తక్కువనుకుని పెట్రోల్ తగ్గిస్తోంది. వేడి ఇంజిన్ ఐడిలింగ్‌లో, ఏసీ లేకుండా 25 నుంచి 35 మధ్య ఉండటం మామూలు.

మాఫ్ అయితే దానికోసమే అమ్మే క్లీనర్‌తో కడగండి. కార్బ్ క్లీనర్ వద్దు, వేలుతోనో దూదితోనో ఆ సన్నతీగని ముట్టుకోవద్దు. నూనె రాసే రకం స్పోర్ట్స్ ఫిల్టర్ వేసినవాళ్లు మొదట దీన్నే చూసుకోవాలి.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌కి పొద్దున్న పరీక్ష. రాత్రంతా ఆపిన బండిలో తాళం తిప్పితే కూలెంట్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి దాదాపు ఒకటే చూపించాలి. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ 60 డిగ్రీలంటే ఈసీయూ వేడిగా ఉందనుకుని పెట్రోల్ తగ్గిస్తుంది, పొద్దున మాత్రమే సతాయించే బండ్లకి ఇదో కారణం.

పికప్ లేదు, కానీ లీన్ కూడా కాదు

ట్రిమ్‌లు బాగున్నాయి, సెన్సర్ వోల్టేజీ బాగుంది, అయినా బండి లాగట్లేదా? అప్పుడు పెట్రోల్, గాలి కథ వదిలేయండి. ముందు నవ్వొచ్చే పరీక్ష: ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో పెట్టి ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి, యాప్‌లో పెడల్, త్రాటిల్ శాతాలు పైదాకా వెళ్తున్నాయో చూడండి. కొత్తగా వేసిన మందపాటి ఫ్లోర్ మ్యాట్ పెడల్ కింద ఇరుక్కుని సగం పికప్ మింగేసిన బండి నేను చూశాను. ఆర్‌పీఎమ్ పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్. కాసేపు తోలాక ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేసింది.

కన్వర్టర్ పూడుకుపోవడం వీటన్నిటికన్నా ఖరీదైన జబ్బు. కింద తడితే లోపల గలగలమంటుంది, ఆర్‌పీఎమ్ ఒక హద్దు దాటి ఎక్కదు. కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తారు, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర 3 పీఎస్ఐ దాటితే పొగకి దారి లేదని. కన్వర్టర్ ఊరికే పూడుకోదు, పాత మిస్సింగో ఆయిల్ తాగడమో దాన్ని పాడుచేసి ఉంటుంది, అది తేల్చకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ మురికైతే లీన్ అవుతుంది, రిచ్ అవుతుంది అని రెండు రకాలుగానూ చెప్తారు. ఇంజెక్షన్ బండ్లలో రెండూ దాదాపు తప్పే, లోపలికి వెళ్లిన గాలిని కొలిచే పెట్రోల్ పోస్తారు కదా. మరీ పూడుకుంటే పికప్ తగ్గుతుంది, అంతే.

బాగయ్యాక

ఇప్పుడు కోడ్ క్లియర్ చేయండి. లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నా నుంచి మళ్లీ నేర్చుకుంటుంది, మొదటి రోజు ఐడిలింగ్ కొంచెం అటూ ఇటూ ఆడొచ్చు. సిటీలో కొంత, హైవేలో కొంత కలిపి ఓ వంద కిలోమీటర్లు తోలాక మొదట్లో చేసిన మూడు కొలతలూ అదే వరసలో మళ్లీ చేసి పాత స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకోండి. క్లియర్ చేసిన గంటకే "లైట్ పోయింది సార్" అని బండి అప్పగిస్తే డబ్బులిచ్చేయకండి, ఏ రిపేరూ చేయకపోయినా క్లియర్ నొక్కితే లైట్ పోతుంది. నా బండికి ఎర్తు బాగుచేశాక వంద కిలోమీటర్లకి ఐడిలింగ్‌లో ప్లస్ 3, లోడులో ప్లస్ 4 వచ్చింది. ఆ శివరాత్రికి మళ్లీ అదే సున్నిపెంట ఎత్తు, నలుగురు మనుషులు, ఏసీ ఆన్. మూడో గేరులోనే ఎక్కేసింది. పీకి పక్కనపెట్టిన పాత ఆక్సిజన్ సెన్సర్ ఇంకా డిక్కీలోనే ఉంది, దానికేమీ కాలేదు.